ఫారం ఆలస్యం చేసిన మేడం

మా పీఈటీ మేడం పోయారన్న సంగతి నాకు ఆరు గంటలు ఆలస్యంగా తెలిసింది. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని నాది. ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పెట్టి లోపలికి పోవాలి. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు విడిచి ఫోను తెరిస్తే, బడి గ్రూపులో అన్నీ చేతులు జోడించిన బొమ్మలే. ఎవరు పోయారో తెలియడానికి చాలాసేపు పైకి జరపాల్సి వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి, డయాలసిస్‌కు పోవడానికి తయారై మంచం మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట.

వెంటనే ఏడుపు రాలేదు. కంపెనీ బస్సులో కూర్చుని, ఇక ఆ మాట ఆమె బతికుండగా చెప్పే అవకాశం నాకు లేదు అనుకున్నాను.

ఆ మాట ఏమిటో మీకు ముందే చెప్తాను. మా ఊళ్లో ఎవరిని అడిగినా మేడం గురించి ఒకటే అంటారు. ఫుట్‌బాల్ అకాడమీకి ఫారం ఆలస్యంగా పంపి, బంగారం లాంటి ఆటగత్తె బతుకు పాడుచేసిన మేడం అని. ఆ ఆటగత్తెను నేనే. అది అబద్ధమని తెలిసినదాన్నీ నేనే. తొమ్మిదేండ్లు నోరు మూసుకుని ఉన్నాను.

మేడం మా బడికి వచ్చిన ఏడాది ఎక్కడినుంచో రెండు ఫుట్‌బాళ్లు వచ్చాయి. అంతకుముందు మా ఆడపిల్లలకు కబడ్డీ, ఖోఖో తప్ప వేరే ఆట లేదు. ఆమె కూడా ఖోఖో మనిషే. ఫుట్‌బాల్ నియమాలు పుస్తకంలో చదువుకుని వచ్చి మాకు చెప్పేవారు. మరిచిపోతే దాచుకునేవారు కాదు. "ఆగుండ్రి, జర సూసొస్త" అని స్టాఫ్‌రూంకు పోయి వచ్చేవారు. మా గ్రౌండు సగం మట్టి, సగం రాళ్లు. ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరం ఇరవై రాళ్లు ఏరి గోడ అవతల వేయాలి. ఆమె కూడా కొంగు దోపుకుని వంగి ఇరవై ఏరేవారు. ఎన్ని ఏరినా మర్నాటికి రాళ్లు అట్లనే ఉండేవి. పాలమూరు నేల మరి.

ఆమె చేతిసంచిలో విజిల్, బైబిలు, ఉడకబెట్టిన పల్లికాయలు ఉండేవి. గెలిచినా ఓడినా పల్లికాయలే. ఎక్కువగా మాట్లాడేవారు కాదు. మేము అలిసిపోయామని కూలబడితే "అలిసిండ్రా? నేను గూడ అలిసిన, లెవ్వుండ్రి" అనేవారు. ఇంకొక మాట తరచూ అనేవారు: "బంతి నీకాడ ఉన్నప్పుడు అందరాడ్తరే. లేనప్పుడు ఏం జేస్తున్నవో సూస్కో." అప్పట్లో నాకు ఆ మాట ఎక్కలేదు. ఎందుకంటే బంతి ఎప్పుడూ నా దగ్గరే ఉండేది.

నిజంగానే ఉండేది. ఎనిమిదో తరగతిలో, పద్నాలుగేండ్ల లోపు పిల్లల పోటీల్లో నన్ను ఆపినవాళ్లు లేరు. నేను ఉరికితే పక్కన ఉన్న పిల్లలు తప్పుకునేవాళ్లు, తప్పుకోని వాళ్లు పడిపోయేవాళ్లు. మహబూబ్‌నగర్‌లో ఆడిన రోజు గోడలెక్కి చూశారు. పేపర్లో నా ఫొటో వేసి కింద 'పాలమూరు మెరుపు' అని రాశారు. మా నాయిన దాన్ని లామినేషన్ చేయించి గోడకు కొట్టాడు. చుట్టాలు ఎవరొచ్చినా ముందు ఆ గోడ దగ్గరికి తీసుకుపోయి, తర్వాతే నీళ్లిచ్చేవాడు. "పదమూడేండ్ల పిల్ల! గిట్ల ఆడే పిల్లను యాడన్న సూసిండ్రా?" అని వచ్చినవాళ్లు అవుననేదాకా అడిగేవాడు.

రాష్ట్ర పోటీల్లో నందికొండ కాలనీ నుంచి ఒక పిల్ల వచ్చింది. చిన్నది, ఎడమకాలితో ఆడేది. మొదటి సగంలో నన్ను మూడుసార్లు బోల్తా కొట్టించి బంతి తీసుకుపోయింది. రెండో సగంలో నేను భుజం పెట్టి నెడితే అంత దూరంలో పోయి పడింది. అది ఫౌల్ కాదు, భుజంతో నెట్టుడు ఆట నియమాల్లో ఉన్నదే. మేము గెలిచాం. ఆ పిల్ల మోకాలు పట్టుకుని మట్టిలో కూర్చుని ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ గెలుపు చూసి నగరంలోని ఒక అకాడమీ వాళ్లు నన్ను రమ్మన్నారు. ఉండటం, తిండి, చదువు అన్నీ వాళ్లే చూస్తారు. ఫారంతో పాటు చెయ్యి ఎక్స్‌రే పంపాలన్నారు. ఎముకను బట్టి వయసు తెలుస్తుందట. మేడం ఫారం అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, నన్ను తీసుకుని మహబూబ్‌నగర్ పోయారు.

డాక్టరు ఫిల్ము వెలుగుకు పెట్టి చూసి, నన్ను చూసి, మళ్లీ ఫిల్ము చూశాడు. "పదమూడని రాసిండ్రు. పదిహేను దాటింది మేడం" అన్నాడు. మణికట్టు దగ్గర వేలు పెట్టి చూపించాడు. పెరిగే వయసులో అక్కడ ఉండాల్సిన సందులు నాకు మూసుకుపోతున్నాయట.

బయట బల్ల మీద కూర్చున్నాక మేడం మెల్లగా అడిగారు. "నిజం జెప్పు. బడికొచ్చే ముందు యాడున్నవ్?"

"బొంబాయిల మేడం. నాయిన, అమ్మ పనికి వోయిండ్రు గద. నేను గూడ ఆన్నే ఉన్న."

"ఎన్నేండ్లు?"

చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. మా వైపు బొంబాయి, పూణె పనులకు పోయి వచ్చిన ఇండ్లలో ఇది కొత్త కాదు. తిరిగి వచ్చాక పిల్లను ఒకటో తరగతిలో వేయాలి, ఆ తరగతికి సరిపోయే వయసు రాయాలి. ఎనిమిదిన్నర ఏండ్ల నన్ను బడికి తీసుకుపోయి, నాయిన ఆరు అని చెప్పాడు. సారు ఆరు అని రాశాడు. ఎవరినీ మోసం చేయాలని కాదు. పుట్టినరోజు చేసుకునే ఇండ్లా అవి!

మేడం బస్టాండులో నాకు చాయ తాగించి అన్నారు: "నీ తప్పు గాదు. మీ నాయిన తప్పు గూడ గాదు. గని ఈ సంగతి బయటవడితే మీ టీమంత పోతది. అందరి సర్టిఫికెట్లు రద్దయితయ్. నిన్ను దొంగ అంటరు. ఫారం నేనే ఆల్సెం జేసిన. గంతే. నువ్వు నోరిప్పకు."

నేను తలూపాను. నాకు హాయిగా అనిపించింది కూడా. పిల్లను కదా అని నన్ను నేను వెనకేసుకు రావాలనుకుంటాను, కానీ ఎక్స్‌రే ప్రకారం నేను అంత పిల్లను కాదు.

మూడో రోజు నాయిన బడి గేటు దగ్గరికి వచ్చాడు. ప్రార్థన అయ్యి పిల్లలు ఇంకా వరుసల్లోనే ఉన్నారు. "నా బిడ్డ బతుకు ఆగం జేస్తివి గద మేడం! ఒక్క కాయితం టైముకు పంపరాదా? నీ బిడ్డయితే గిట్లనే జేస్తుండెనా?" అని అరిచాడు. మేడం తల వంచుకుని "అవును, నాదే పొరపాటు" అన్నారు. ఆయన పోయాక విజిల్ ఊది ఆరో తరగతి పిల్లలతో డ్రిల్లు చేయించారు. నేను వరుసలో నిలబడి నా కాళ్లు చూసుకుంటున్నాను.

ఆ తర్వాత ఊరు ఆ మాట వదల్లేదు. ఆడపిల్లలను ఆటకు పంపమంటే "ఆమెకాడికా?" అనేవాళ్లు. రెండేండ్లలో గ్రౌండు ఖాళీ అయింది. మేడం ఒక్కరే సాయంత్రం ఒక బంతి పట్టుకుని, వచ్చిన ముగ్గురు నలుగురితో ఆడించేవారు. నన్ను మాత్రం మళ్లీ ఏ వయసు పోటీకీ పంపలేదు. వయసు అడగని పోటీలకు, పెద్దవాళ్లతో ఆడటానికి తీసుకుపోయేవారు. అక్కడ తెలిసింది నా సంగతి. వాళ్లు నేను నెడితే పడలేదు. నేను ఉరికితే నాకన్నా ముందు ఉరికారు. మొదటి పోటీలో సగం ఆట ఆడాను, తర్వాత పోటీల్లో పక్కన కూర్చున్నాను. ఇంట్లో గోడ మీద మెరుపు అట్లనే ఉంది.

ఇంటర్ అయ్యాక కంపెనీలో చేరాను. మేడం రిటైరయ్యారు, కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు మహబూబ్‌నగర్ దవాఖానకు బస్సులో పోయేవారు. నా షిఫ్టు కుదిరిన రోజు ఒకే బస్సులో కలిసేవాళ్లం. నిరుడు ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"మేడం, నేను నిజంగ మంచిగాడేదాన్నేనా?"

ఆమె అబద్ధం ఆడతారేమోనని భయపడ్డాను. ఆమె కిటికీలోంచి చూస్తూ "మంచిగనే ఆడేదానివి. గొప్పగ గాదు" అన్నారు. నా వైపు తిరిగి, "మంచిగాడుడు తక్కువనా ఏంది?" అన్నారు.

అప్పుడే ఇంకొకటి చెప్పారు. నా ఫారం ఆగిన ఆ ఎండాకాలమే నందికొండ పోయి, ఆ ఎడమకాలి పిల్ల ఇల్లు వెతికారట. నాకు రావాల్సిన సీటు ఆ పిల్లకు ఇప్పిద్దామని. వాళ్లమ్మ గుమ్మంలోనే నిలబడి, ఓడిపోయి వచ్చినప్పటి నుంచి పిల్ల బంతి ముట్టలేదని చెప్పిందట. పిల్ల లోపలి నుంచి బయటకు రాలేదట. "గొప్పగాడేది ఆ పిల్ల" అన్నారు మేడం. నాకు మింగుడుపడని మాట అది. ఇద్దరం ఆడకుండా పోయాం. నేనైతే పోవాల్సినదాన్నే.

"మేడం, నేను ఊళ్లె అందరికి జెప్త. సర్టిఫికెట్లతోని ఇంక ఎవ్వరికి పనిలేదు" అన్నాను.

"జెప్పుదువులే. ఇప్పుడు నాకు అందరొచ్చి మాట్లాడితే జవాబు జెప్పే ఓపిక లేదు" అన్నారు. ఆమె ఓపిక లేదన్నది ఒక సాకుగా దొరికింది నాకు. ఆ ఏడాదంతా చెప్పలేదు.

మేడం పోయిన మూడో రోజు చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ల గురించి ఎవరైనా లేచి నాలుగు మాటలు చెప్పొచ్చు. నాయిన కూడా వచ్చి చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నాకు పెదనాయిన వరుసయ్యే పెద్దమనిషి ఒకాయన లేచి మేడంను మెచ్చుకుని, చివర అన్నాడు: "దేవత అసొంటి మనిషి. గా ఒక్క ఫారం కాడ మర్సిపోయింది గని." నలుగురు అవునన్నట్లు తలలూపారు.

నేను లేచాను.

"పెదనాయినా, మేడం ఏం మర్సిపోలే. ఫారం టైముకే నింపింది. చెయ్యి ఎక్స్‌రే దీస్తే నాకు పదమూడు గాదు, పదిహేను దాటిందని తేలింది. చిన్నపిల్లలను నెట్టి గెల్సిన నేను. నా పేరు పోవద్దని, మా టీమోళ్ల సర్టిఫికెట్లు పోవద్దని తప్పు తన మీదేస్కుంది. నాకు తొమ్మిదేండ్ల సంది ఎర్కనే. నేనే జెప్పలే."

మేడం ఇంటాయన లేచి వచ్చి "కూసో బిడ్డా, మంచినీళ్లు తాగు" అన్నాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు ఏడ్చాను.

ఇంటికి నడుస్తుంటే నాయిన నా వెనక వస్తున్నాడు. తిడతాడనుకున్నాను. చేను మలుపు దగ్గర ఆగాడు.

"నాకు ఎర్కనే బిడ్డా."

"ఆరేండ్లని రాయించింది నువ్వే గద నాయినా. ఎర్కలేకుంట ఎట్లుంటది?"

"అది గాదు. ఫారం సంగతి గూడ ఎర్కనే. మీరు ఎక్స్‌రే కాడికి వోయొచ్చిన మర్నాడు పొద్దుగాల మేడం చేనుకాడికొచ్చింది. అంత జెప్పింది. 'నువ్వు బడి ముందలికొచ్చి నన్ను తిట్టాలె. నలుగురు వినేటట్టు తిట్టాలె. నువ్వు గమ్మునుంటే, ఎందుకున్నడని ఎవరన్న అడుగుతరు' అన్నది. నాకు నోరెట్లొస్తది మేడం అన్న. వస్తది, మొదలువెట్టు అన్నది."

"మరి తర్వాత గూడ తిట్టినవ్ గద. తొమ్మిదేండ్లు తిట్టినవ్."

నాయిన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మొదటినాడు ఆమె తిట్టుమన్నదని తిట్టిన. తర్వాత తిట్టంగ తిట్టంగ నాకే నిజమనిపించింది. నా తప్పు లేదనిపించింది. జర పానం సల్లగుండె బిడ్డా."

మర్నాడు పొద్దున లేచేసరికి నాయిన ఇంట్లో లేడు. వెతుక్కుంటూ పోతే ఊరవతల మేడంను పెట్టిన చోట కనిపించాడు. పచ్చిమట్టి మీద దండలను మేకలు లాగి తిన్నాయి. కుక్కలు మట్టి తవ్వకుండా ఆయన సర్కారు తుమ్మకంప కొట్టుకొచ్చి చుట్టూ పరుస్తున్నాడు. చేతుల నిండా ముళ్లు గీరుకుని నెత్తురు. కంప నడుమెత్తు లేచింది, మేక కాదు కదా కోడి కూడా దూరలేదు.

"సాలు నాయినా" అన్నాను.

"ఇంకింత గావాలె" అని గొడ్డలి తీసుకుని మళ్లీ తుమ్మల్లోకి పోయాడు.