హిద్ యార్డులో చల్లటి పైపు, చేపల మంచు

ఈ నెలాఖరుతో నా వీసా అయిపోతుంది. మా సైటు పని ముగిసింది, కంపెనీ వాళ్ళు టికెట్టు తీస్తామని ముందే చెప్పేశారు. ఈలోపు బహ్రెయిన్‌లోనే ఇంకో పని దొరికితే ఉంటాను, దొరక్కపోతే జగిత్యాల బస్టాండులో దిగి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ని. టైల్సు, సెంట్రింగు, ఏసీ డక్టులు అన్నీ పట్టాను, ఏదీ ఏడాది దాటలేదు. పైపులకు ఇన్సులేషన్ చుట్టే పనిలో మాత్రం మూడేళ్ళు నిలిచాను. నిలవాలనిపించిన పని అదొక్కటే. తుబ్లీలో నా రూములో ఉండే మెట్‌పల్లి గంగన్న ఆ సంగతి ఎరిగినవాడే. హిద్‌లో ఒక యార్డు వాళ్ళు గ్యాసు పైపుల పనికి మనుషుల్ని పరీక్ష పెట్టి తీసుకుంటున్నారని కబురు తెచ్చింది ఆయనే. "నువ్వు ఏడ నిలుస్తవ్ రా, కాలికి చక్రాలున్నయ్ నీకు. పో, జెర గాడనన్న నిలువు," అని గురువారం సాయంత్రం నా బ్యాగులో రెండు చపాతీలు కూడా పెట్టాడు.

శుక్రవారం పొద్దున అయిదున్నరకు బయలుదేరాను. తుబ్లీ నుంచి హిద్‌కు నేరుగా బస్సు దొరకలేదు. మనామా బస్టాండులో ఒకసారి, ముహర్రక్‌లో ఒకసారి మారాలి. ఎక్కిన ప్రతిసారీ టికెట్టు మూడు వందల ఫిల్సులు. శుక్రవారం బస్సులు నిదానంగా వస్తాయి కాబట్టి రెండు గంటల పైనే పడుతుందనుకోండి. బస్సులో ఏసీకి పళ్ళు కొట్టుకుంటాయి, దిగగానే ఉప్పుగాలి మొహానికి తడిగుడ్డలా అంటుకుంటుంది. హిద్ స్టాపు నుంచి యార్డుకు ఇరవై నిమిషాల నడక. ఎనిమిదింటికి గేటు దగ్గరున్నాను.

పరీక్ష పెట్టే ఫోర్మన్ పేరు వీర్రాజు, కాకినాడ మనిషి. తెలుగువాణ్నని తెలిశాక కుర్చీ చూపించాడు గానీ మెత్తబడలేదు. వచ్చిన నలుగురికీ పని సంగతి ఆయనే చెప్పాడు. ఈ దీవిలో గ్యాసు ఉంది కానీ ఎండాకాలంలో అన్ని ఏసీలకూ కరెంటు కావాలంటే అది చాలదు. అందుకని వేరే దేశాల నుంచి గ్యాసును మైనస్ నూట అరవై డిగ్రీల దాకా చల్లబరిచి, నీళ్ళలా మార్చి, ఓడల్లో తెస్తారు. హిద్ ఎదురుగా సముద్రంలో దాన్ని దించి, మళ్ళీ వేడి తగిలించి గ్యాసుగా మార్చి, కరెంటు ప్లాంట్లకు పైపుల్లో పంపుతారు. అంత చల్లటి పైపుకు బయటి వేడి తగలకుండా చుట్టాలి. నేను అంతవరకూ చుట్టినవన్నీ ఆవిరి పైపులు, లోపలి వేడి బయటికి పోకుండా చుట్టినవి. చుట్టడం చుట్టడమే కదా అనుకున్నాను.

రేకుల షెడ్డులో ఒక్కొక్కరికీ వంపు ఉన్న పైపు ముక్క ఒకటి, ఒక అంగుళం మందం ఫోమ్, పైన తొడగడానికి అల్యూమినియం షీటు, జిగురు డబ్బా, స్టీలు పట్టీల కట్ట ఇచ్చారు. రెండు గంటల టైము. నేను గంటంపావులో ముగించాను. వంపు దగ్గర షీటు ముడతలేకుండా కూర్చుంది. అంచు వెంబడి ఏడు స్క్రూలు దారం పట్టినట్టు వరసగా దిగాయి. నా బ్యాగులో ఎప్పుడూ ఉండే పొడవాటి స్క్రూలే అవి. మిగతా ముగ్గురి చేతులు ఇంకా ఫోమ్ దగ్గరే ఉన్నాయి. నాలుగు పైపులూ పూర్తయ్యాక వీర్రాజు వాటిలో ఉప్పు కలిపిన మంచు దట్టించి, మూతలు బిగించి, టీ తాగడానికి వెళ్ళాడు.

అరగంట తర్వాత వచ్చి నా పైపు చుట్టూ టిష్యూ పేపరు నొక్కి తీశాడు. దాన్ని వెలుతురుకు పట్టి నా చేతిలో పెట్టాడు.

"సుక్కలు లెక్కెట్టు బాబూ."

ఏడు. ప్రతి స్క్రూ తల మీదా ఒక నీటి బొట్టు.

"వేడి పైపోళ్ళందరూ ఇదే చేత్తారు. సల్ల పైపుకి స్క్రూ ఏత్తే పడవకి మేకు దిగ్గొట్టినట్టే. సలవ స్క్రూ పట్టుకుని బయటికొత్తాది, గాల్లో తేమ కన్నంలోంచి లోపలికెల్తాది. లోపల మంచు గెడ్డ కట్టి నీ రేకునే సింపేత్తాది. పట్టీలు బిగించాలి. నీ పక్కనే ఉన్నాయి, సూళ్ళేదా?"

చూశాను. కట్ట విప్పను కూడా లేదు. ఇంకోసారి చేస్తానన్నాను. టైము అయిపోయిందన్నాడు. సాయంత్రం దాకా ఉంటానన్నాను. మంచు కూడా అయిపోయిందన్నాడు.

"మంచు నేను తెస్త అన్నా. ఒక్క స్క్రూ సుత ముట్ట."

"ఐదింటికి షెడ్డు తాళమేత్తాను. ఈలోగా తెచ్చుకో," అని ఆయన భోజనానికి వెళ్ళిపోయాడు.

ఎండాకాలంలో పన్నెండు నుంచి నాలుగు దాకా ఇక్కడ బయట పని బందు, రోడ్డు మీద పిల్లి కూడా కనబడదు. గంగన్న చపాతీలు నీడలో నిలబడే తిని, మంచు అక్కడుంటుందని, చేపల పడవలు ఆగే జెట్టీ ఎటో గేటు దగ్గర అడిగి నడిచాను. ఒంటిగంటకు చేరాను. దూరంగా రాళ్ళకట్ట వెనక గ్యాసు తెచ్చే ఓడ కనిపించింది. ఎండ పొగలో దాని ఒళ్ళు నీళ్ళ మీద ఆనకుండా తేలుతున్నట్టుంది. ఫోను తీయబోతే ఒక ముసలాయన వద్దని చెయ్యి ఊపాడు. పోర్టు దగ్గర ఫోటోలు తీయకూడదు. ఆయన ఇక్కడివాడే, పడవ యజమాని, హిందీ బాగా వచ్చు. మంచు కావాలన్నాను. ఎందుకని అడిగితే ఉన్నదంతా చెప్పాను. నవ్వి, ఆ ఓడ ఉన్నవైపు ఇప్పుడు వల వేయనివ్వరనీ, కానీ తన ఇంట్లో అయిదు ఏసీలున్నాయనీ, ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదనీ అన్నాడు.

మంచు గడ్డను గోనెసంచిలో ఆయనే కట్టాడు. నేను మూతిని గట్టిగా ముడేసి అయిందనుకున్నాను. ఆయన ముడి విప్పి, తడిపిన ఇంకో గోనెను చుట్టి, కుట్లు విడిన చోటల్లా మడత పెట్టి నొక్కాడు. చిన్న సందు చాలు భాయ్, యార్డు చేరేసరికి నీళ్ళు మోస్తావన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. నీళ్ళ ట్యాంకర్లు నడిపే బంగ్లాదేశ్ డ్రైవరు ఒకాయన అటే వెళ్తూ ఎక్కించుకున్నాడు. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. దిగేటప్పటికి చెప్పులు తడిశాయి కానీ గడ్డ గడ్డలానే ఉంది.

రెండున్నరకు కొత్త ఫోమ్, కొత్త షీటు తీసుకుని మొదలుపెట్టాను. ఈసారి తొందరపడలేదు. ఫోమ్ అతుకులన్నిటికీ జిగురు పూశాను. ముసలాయన గోనె మీద నొక్కినట్టే వంపు లోపలి వైపు బొటనవేలితో నొక్కుకుంటూ పోయాను. షీటు మీద పట్టీలు వేసి బిగించాను. నాలుగుంపావుకు మంచు దట్టించాం. వీర్రాజు స్టూలు లాక్కుని నా ఎదురుగానే కూర్చున్నాడు.

టిష్యూ చుట్టి తీశాడు. కింది అంచున ఒక తడి మరక ఉంది. ఆయన పైపు చూశాడు, నన్ను చూశాడు.

"పైపు మీదకి వంగి సూత్తున్నావు కదా, ఇది కారిన నీ సెమట. ఎనక్కి జరుగు."

గుడ్డతో పైపు తుడిచి, పది నిమిషాలు ఆగి, కొత్త టిష్యూ నొక్కాడు. చుట్టూ తిప్పి, వంపు దగ్గర రెండోసారి నొక్కి, తీసి నా చేతిలో పెట్టాడు. పొడిగా ఉంది. పని కాగితాలకు ఆదివారం సీపీఆర్ అనే ఇక్కడి గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు కాపీ తెమ్మన్నాడు.

తిరుగు బస్సుల్లో కిటికీ పక్కన కూర్చుని మనామా మేడల మీద తిరిగే ఏసీ ఫ్యాన్లను చూస్తూ వచ్చాను. మూడేళ్ళు వేడిని లోపల పెట్టడమే నేర్చుకున్నాను, అదొక్కటే పని అనుకున్నాను. రాళ్ళకట్ట వెనక ఆ ఓడ నుంచి మా రూము ఏసీ దాకా ఎంత పైపు ఉందో నాకు తెలియదు. ఎంత ఉన్నా నా వంతు కొన్ని గజాల్లో సందు ఉండదు. గంగన్నకు ఏడు చుక్కల టిష్యూ చూపించాను. అప్పటికి అది ఎండి ఏమీ లేకుండా పోయింది. అయినా దాన్ని మడిచి సీపీఆర్ కార్డు వెనక పెట్టుకున్నాను.

హిద్‌కు ఇలాంటి పరీక్షకు వెళ్ళే తమ్ముళ్ళకు ఒక్క మాట: ఇంటి నుంచి తీసుకెళ్ళిన స్క్రూల డబ్బా తెరిచే ముందు, పైపు వేడిదా చల్లదా అని అడగండి.