మూచ్చు ఇల్లే

ఆ రోజుల్లో తెలియని మాట వినబడితే అర్థం అడగడం మాకు నామోషీగా ఉండేది. తల ఊపితే చాలు, అర్థమైనట్టే లెక్క. గనులు సర్కారువి అయిన కొత్తలో నేను నంగలి పక్క పల్లె నుంచి వచ్చి, మా మేనమామ చలవతో కేజీఎఫ్‌ బంగారు గనుల్లో పనికి చేరాను. ఇంట్లో తెలుగు, సంతకు పోతే కన్నడం, ఈ రెండింటితో లోకమంతా చుట్టి రావచ్చని నా నమ్మకం. గనిలోకి దిగి చూస్తే అక్కడ సగం లోకం తమిళంలో మాట్లాడుతోంది. తిట్లు మాత్రం తొందరగానే పట్టుబడ్డాయి (ఎవరికైనా అంతే కదా). మిగతాదానికంతా తల ఊపేవాణ్ణి. తల ఊపడంలో మావాణ్ణి మించినవాడు ఈ షాఫ్టులో లేడని మామ అందరికీ చెప్పి నవ్వేవాడు.

కొత్తగా చేరినవాళ్ళందరికీ ఫస్టెయిడ్ నేర్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నేర్పే ఆయన తమిళాయన. ఎవరు దొరికితే వాళ్ళను పడుకోబెట్టి మూడు మూలల గుడ్డతో తలకో కాలికో కట్టు కట్టి చూపించేవాడు కాబట్టి కట్ల సారు అనేవాళ్ళం. పాఠంలో ఆయన ఒక మాట పదేపదే చెప్పేవాడు. దెబ్బ తిని పడినవాడికి అన్నిటికన్నా ముందు ‘మూచ్చు’ చూడాలి, మూచ్చు లేకపోతే తడవు చేయకుండా నోట్లో నోరు పెట్టి ఊదాలి. తమిళంలో మూచ్చు అంటే ఊపిరి. ఈ సంగతి మీకు నేను చెబుతున్నాను గానీ నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. నా చెవికి అది మూర్ఛ, అదే ఫిట్సు, అని వినబడింది. మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టాలని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు, దానికి ఇంత క్లాసెందుకు అనుకున్నాను. కానీ మూర్ఛ లేనివాడి నోట్లో ఊదడం ఎందుకో మాత్రం ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు. ఇంగ్లీషు వైద్యం కదా, ఏదో ఒక కారణం ఉండకపోదులే అని తల ఊపాను. పరీక్ష నాడు మా జట్టులో ఒకణ్ణి పడుకోబెట్టి చూడమన్నారు. నురగ ఏమైనా కక్కుతున్నాడేమోనని వాడి మూతి మీదికి వంగి చాలాసేపు పరీక్షగా చూశాను. ఊపిరి చూసేది కూడా అచ్చం అలాగేనట. కట్ల సారు నా వీపు తట్టి, చూస్తే వీడిలా చూడాలని మిగతావాళ్ళకు చెప్పాడు. అలా ఫస్టుగా పాసయ్యాను.

కొన్నాళ్ళకు ఒక పగటి షిఫ్టులో, నేను చూస్తుండగానే, మామ నిచ్చెన దిగుతూ కాలు జారి నా ముందే పడ్డాడు. టోపీ రాతికి కొట్టుకుంది. కుడికాలు మడత పడింది. కళ్ళు మూసుకుపోయాయి, పిలిస్తే పలకలేదు. నన్ను ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్న మనిషి. ఆయనకేమన్నా అయితే అత్త మొహం ఎలా చూడాలి? మా మేస్త్రి స్ట్రెచర్ కోసం పరుగెత్తుతూ, పాసైనవాడివి నువ్వే చూసుకో, పైకి ఫోను చెయ్యి అన్నాడు. ఆ కాలికి చెక్క పెట్టి తువ్వాలుతో కట్టాను. తర్వాత చేతులు చూశాను, కాళ్ళు చూశాను, మూతి చూశాను. కొట్టుకోవడం లేదు, నురగ లేదు. హమ్మయ్య అనుకుని పక్కనే ఉన్న ఫోను తిప్పితే అవతల ఫస్టెయిడ్ గదిలో కట్ల సారే ఎత్తాడు. ఆయన అడిగిన మొదటి మాట, “మూచ్చు ఇరుక్కా?” ఉందా అని.

“ఇల్లే సార్. కొంచం కూడా ఇల్లే,” లేనే లేదని నాకొచ్చిన తమిళంలో చెప్పాను సంతోషంగా.

నా మాటకు ఆయన కుదుటపడతాడనుకున్నాను. మరుక్షణం ఫోను పగిలిపోయేలా ఊదమని అరిచాడు. నేను పరుగెత్తుకెళ్ళి మామ ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి, గుండెలనిండా పీల్చిన గాలంతా ఊదాను. వక్కాకు వాసన గుప్పున కొట్టింది. మళ్ళీ ఊదబోతుంటే మామ కళ్ళు తెరిచాడు. చూసీ చూడగానే చెంప మీద ఒక్కటిచ్చాడు.

“రేయ్, ఏమి చేస్తా ఉండావురా నువ్వు?”

“నీకు మూర్ఛ లేదు మామా, అందుకే ఊదినాను.”

మామ నన్ను జాలిగా చూశాడు. తల పగిలింది తనకు కాదు, నాకేనేమో అని ఆయనకు అనుమానం వచ్చిందట.

స్ట్రెచర్ వచ్చి, మామను దాని మీదికి ఎక్కించి, మమ్మల్ని పైకి తీసుకెళ్ళే కేజ్ దిగి వచ్చేసరికి చాలా సేపు పట్టింది. నా మాట మాత్రం అంతకుముందే పైకి చేరి, షాఫ్టు దాటి, కార్మికుల ఇళ్ళ వరుసలు దాటి, పిండి రుబ్బుతున్న అత్తను పొత్రం వదిలేసి పరుగెత్తేలా చేసింది. కేజ్ తలుపు తీస్తే ఎదురుగా జనం. మగవాళ్ళు టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని ఉన్నారు. కట్ల సారు ఒక పెట్టె మీద కూలబడి ఉన్నాడు. స్ట్రెచర్ మీద మామ, తన సద్ది క్యారియరు లోపలే ఉండిపోయిందని, దాన్ని ఎవడూ పట్టించుకోలేదని గొంతు చించుకుని తిడుతున్నాడు. జనం పక్కకు జరిగారు. అత్త వచ్చి, ఆయన తిడుతుండగానే, వేళ్ళు మడిచి ఆయన ముక్కు కింద పెట్టింది. మాట్లాడే మనిషికి ఊపిరి ఉంటుందని ఆమెకు తెలియక కాదు. అలాగే పెట్టుకుని నిలబడింది. పిండి ఆయన మీసాలకు అంటుకుంది. మామ తిట్లు ఆపి, “ఉండానులేమ్మీ,” అన్నాడు మెల్లిగా.

అప్పుడు అత్త నావైపు తిరిగింది. “ఎవురు చెప్పింది నాయనా, మూచ్చు లేదని?”

“నేనే అత్తా. మూర్ఛ లేదనే కదా చెప్పినాను.”

కట్ల సారు పెట్టె మీద నుంచి లేచి, రెండు చేతులతో తల పట్టుకుని, నవ్వడం మొదలుపెట్టాడు. జనమంతా అందుకున్నారు. అత్త నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, మూచ్చు అంటే ఊపిరి అబ్బోడా అని చెప్పింది. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. సిగ్గు పడాల్సిన చోట నాకు సిగ్గు రాలేదు. మామ బతికి ఉన్నాడు, తిడుతున్నాడు, ఇంకేం కావాలి? ఆసుపత్రిలో ఎముక చిట్లిందన్నారు గానీ కట్టు బాగా కట్టారని డాక్టరు మెచ్చుకున్నాడు (ఆ ఊదుడు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు). మామ మళ్ళీ గని దిగాడు, చాలా ఏళ్ళు పనిచేశాడు, నన్ను చూసినప్పుడల్లా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు.

ఇప్పుడు నాకు తమిళం బాగానే వచ్చు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా భార్య కుర్చీలోనే కునుకు తీస్తుంది. ఈ వయసులో ఆ నిద్ర మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. అటుగా పోతూ పోతూ నా చెయ్యి దానంతట అదే ఆమె ముక్కు దగ్గరికి వెళుతుంది. వేళ్ళకు వెచ్చగా తగలగానే తీసేయబోతాను, ఈలోగా మెలకువ వచ్చి ఏమి చూస్తా ఉండావని అడుగుతుంది.

“మూర్ఛ ఉండాదేమోనని,” అంటాను.

“లేదులే, పో,” అని మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది.