విమానాన్ని మెల్లగా పొమ్మన్నారు

1979 అక్టోబరు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, నల్లరేగడి చేల నడుమ ఉన్న ఒక గట్టి నేలను చదును చేసి, రెండు వైపులా సున్నం గీతలు గీసి, దాన్నే రన్‌వే అనేవాళ్ళం. ఒక టార్పాలిన్ డేరా, నాలుగు పీపాల పెట్రోలు, ఒక జీపు, ఒంటి సీటు విమానం ఒకటి. అదీ మా విమానాశ్రయం. పత్తి చేలకు పైనుంచి పురుగుమందు చల్లే ప్రైవేటు కంపెనీలో నేను విమాన ఇంజనీరుని. పేరు నాగేంద్రప్ప. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి, ఎయిర్‌ఫోర్సులో పదిహేనేళ్ళు స్పానర్ పట్టి, తిరిగి సొంత జిల్లాలోకే వచ్చి పడ్డాను. ప్రతి ఉదయం విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా చూసి లాగ్‌బుక్కులో సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం లేనిదే విమానం నేల వదలకూడదు.

పైలట్ కాశీంకు ఇరవై ఆరేళ్ళు. ఆదోని వాడే. తండ్రి హుసేనప్ప దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ప్రభుత్వం ఇచ్చిన స్టైపెండుతో హైదరాబాదులో ఎగరడం నేర్చుకుని, కొడుకు ఆ పత్తి మీదనే విమానం తిప్పుతున్నాడంటే ఊరికి పండగ కాదా? తెల్లారేసరికి సైకిళ్ళ మీద, ఎద్దుల బండ్ల మీద జనం వచ్చేవాళ్ళు. మందు చల్లేది చూడటానికి కాదు, మన హుసేనప్ప కొడుకును చూడటానికి. కాశీం చాలా మంచివాడు. ఎవరికీ కాదని చెప్పలేడు. మొహమాటానికి పోతే కడుపయిందనే సామెత మావాళ్ళు ఊరికే పుట్టించలేదు.

గొడవ ఆకు దగ్గర మొదలైంది. మా వైపు రైతు చేతిపంపుతో మందు కొట్టించేటప్పుడు వెనకే నడుస్తాడు. ఆకు తిప్పి చూస్తాడు. చుక్కలు కారుతుంటే మందు పడినట్టు, కారకపోతే కూలివాడు పరుగెత్తినట్టు. విమానం చల్లే మందు మంచులాగా సన్నగా పడుతుంది, కారదు. రైతుల సంఘానికి పెద్ద అయిన బసన్న విమానం వెళ్ళిన చేలోకి దిగి, నాలుగు ఆకులు తిప్పి చూసి, మా డేరాకు వచ్చాడు.

"ఏమప్పా ఇది? ఆకు తడిసిందే ల్యా. సర్రున పోతాండాడు మీవోడు. పురుగు కాయలన్నీ తొలిచేస్తాంది ఆడ. మెల్లగ పోతే గదా మందు దిగేది? ఇంగోటి, గట్టు దాటి అంత దూరం పొయ్యి తిరగడమెందుకు? ఈడనే తిప్పమను."

మా మేనేజరు కోస్తా నుంచి వచ్చినవాడు. రైతు కోపం చూసి భయపడ్డాడు. "రేపటి నుంచి మెల్లగానే పోతాడు లెండి" అని మాట ఇచ్చేశాడు. నన్ను అడగలేదు. కాశీంను అడిగాడు, కాశీం తల ఊపాడు. ఊళ్ళోవాళ్ళ ముందు భయపడినాడు అనిపించుకోవడం కంటే వాడికి ఏదైనా నయమే.

మరునాడు ఉదయం విమానం హాపర్ నింపుకుని లేచింది. హాపర్ అంటే పైలట్ ముందు ఉండే మందు తొట్టి. మామూలుగా గంటకు తొంభై మైళ్ళ వేగంతో చల్లాలి. మొదటి వరస చివర విమానం పైకి లేచి గట్టు మీదనే ఎడమకు వాలి తిరగడం డేరా దగ్గర నుంచి చూశాను. అంత ఇరుకుగా తిరగడం నేను ఎప్పుడూ చూడలేదు. రెక్క ఒక్కసారి వణికింది. ముక్కు జారింది. విమానం కడుపు కింద తెల్లటి మేఘం పేలినట్టు మందంతా ఒక్క క్షణంలో ఒలికిపోయింది. తర్వాత విమానం చేల వెనక కనబడకుండా పోయింది. నా గుండె ఆగింది అని రాస్తే అది అబద్ధం, కొట్టుకుంటున్న చప్పుడు నాకే వినబడింది. మళ్ళీ ఇంజను హోరు, మళ్ళీ రెక్కలు. దిగి వచ్చాక చూస్తే ఎడమ చక్రానికి వేళ్ళతో సహా ఒక పత్తి మొక్క చుట్టుకుని ఉంది.

ఏమైందో చెప్పాలి. దాన్ని స్టాల్ అంటారు, ఆ మాట వినగానే ఇంజను ఆగిపోవడం అనుకుంటారు. కాదు. ఇంజను నిక్షేపంగా తిరుగుతున్నా స్టాల్ అవుతుంది. రెక్క గాలిని కొంత వాలుతో కోసుకుంటూ పోతేనే విమానాన్ని మోస్తుంది. వేగం తగ్గితే అంత బరువే మోయడానికి ముక్కు ఇంకొంచెం ఎత్తాలి. ఎత్తుతూ పోతే ఒక హద్దు వస్తుంది. అది దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటుకోకుండా చెదిరిపోతుంది, రెక్క మోయడం మానేస్తుంది. ఆ హద్దు తగిలే వేగమే స్టాల్ స్పీడ్. అది ఒకటే అంకె అనుకోవడం ఇంకో పొరపాటు. మా విమానానికి ఖాళీగా యాభై, హాపర్ నిండితే అరవై. సగం వాలి, అంటే నలభై అయిదు డిగ్రీలు వంగి తిరిగితే ఆ అరవై కాస్తా డెబ్బై దాటుతుంది. కాశీం రైతుల మాట విని డెబ్బైలోనే తిరిగాడు. హాపర్ అడుగు తెరిచే పిడి లాగి బరువు వదిలించుకున్నాడు కాబట్టి, ముక్కు దించి ఇంజను జోరు పెంచే థ్రాటిల్ నిండా తోశాడు కాబట్టి బతికాడు.

నేను లాగ్‌బుక్ తెరిచేసరికి మేనేజరు పక్కన నిలబడ్డాడు. "నాగేంద్రప్ప గారూ, ఇంజను తడబడింది, అందుకే మందు వదిలేశాడు అని రాయండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"నా ఇంజను ఎక్కడ తడబడింది?"

"అబ్బాయి లైసెన్సు పోతుందండీ. కొంచెం ఆలోచించండి."

కాశీం నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. అట్లనే రాయన్నా. మా నాయన పరుపులు కుట్టి సదివించినాడు. నా రెక్కలు ఇరగ్గొట్టొద్దన్నా."

మేనేజరు మాటకు ఒళ్ళు మండింది. కాశీం మాటకు పెన్ను పక్కన పెట్టాను. నిజం రాస్తే వాడి ఉద్యోగం పోవచ్చు. ఇంజను మీదికి నెడితే ఇంజను విప్పి చూస్తారు, ఏమీ దొరకదు, ఎల్లుండి మళ్ళీ "మెల్లగా పో" అంటారు, వాడు మళ్ళీ తల ఊపుతాడు. ఆ తల ఊపుడే నాకు భయం.

అంతలో హుసేనప్ప వచ్చాడు. రోజూ లాగే కొడుకును చూసుకోవడానికి వచ్చి, చక్రానికి ఉన్న మొక్కను చూశాడు. జరిగింది చెప్పాను. ముసలాయన వంగి ఆ మొక్క వేళ్ళను తడిమాడు.

"మావోడు జేసింది తప్పేనా అప్పా?"

"తప్పే. వాడు ఒక్కడే చెయ్యలేదు. చేయించినోళ్ళు ఉండారు."

"అయితే తప్పనే రాయి. బతికుండే వాని తప్పు దిద్దుకోవచ్చు. సచ్చినోని తప్పు ఎవడు దిద్దేది?"

రాశాను. "రైతుల కోరిక మీద, మేనేజరు ఆదేశం మీద, నియమిత వేగం కంటే తక్కువలో ఎగిరి, మలుపులో స్టాల్ అయింది. ఇంజనులో లోపం లేదు." కింద సంతకం పెట్టాను. చక్రాలు, రెక్కల కీళ్ళు విప్పి చూసేవరకు విమానం ఎగరదని కూడా రాశాను. మేనేజరు ఆ పేజీ చించడానికి చెయ్యి చాచాడు. లాగ్‌బుక్ చంకలో పెట్టుకున్నాను. "పట్టుకోండి చూద్దాం" అన్నాను. నా వయసుకు అది తగిన మాట కాదు కానీ, ఇప్పటికీ సిగ్గుపడటం లేదు.

విమానం ఆగిందని తెలిసి మధ్యాహ్నానికి రైతులు డేరాను చుట్టుముట్టారు. వాళ్ళ కోపం తప్పు అనలేను, పురుగుకు లాగ్‌బుక్ తెలియదు కదా. బసన్న గొంతు చించుకున్నాడు. "నీ రాతకోతలు మాకెందుకప్పా? చేను పోతాంది!"

"బసన్నా, జీపెక్కు" అన్నాను.

మందు పెట్టెది ఒక చదునైన చెక్క ఊడదీసి చేతికిచ్చి, బయటికి చాచి పట్టుకోమన్నాను. డ్రైవరు రన్‌వే మీద జీపును వేగంగా తోలాడు. చెక్క ముందు అంచు కొంచెం ఎత్తగానే బసన్న చెయ్యి దానంతట అది పైకి లేచింది. "లేస్తాందే!" అని నవ్వాడు. జీపు వేగం తగ్గించమన్నాను. చెక్క కిందికి జారింది. "కింద పడనీయొద్దు, ఇంకా ఎత్తు" అన్నాను. ఎత్తాడు. ఇంకా తగ్గింది, ఇంకా ఎత్తాడు. ఉన్నట్టుండి చెక్క లేవడం మాని మణికట్టును వెనక్కి మెలిపెట్టింది. చెయ్యి పట్టుకుని అరిచాడు.

"నీ చేతిలో చెక్క పోయింది, అంతే. ఆ పిల్లోడు దాని మీద కూర్చొని ఉండాడు. నువ్వు మెల్లగ పొమ్మన్నప్పుడు."

బసన్న జీపు దిగాడు. నేరుగా హుసేనప్ప దగ్గరికి పోయి నిలబడ్డాడు. "తెలీక అన్నాను హుసేనప్పా" అన్నాడు. ముసలాయన అతని మణికట్టు పట్టుకుని వాచిందేమో చూశాడు.

చక్రాలు, రెక్కల కీళ్ళు విప్పి చూశాక మూడో రోజు విమానం సిద్ధమైంది. ఈసారి చేలో అక్కడక్కడా మొక్కల మధ్య తెల్ల కాయితాలు పరిచాము, రైతులు ఆకు తిప్పడానికి బదులు కాయితం చూసుకోవచ్చని. సీజను పూర్తి కావాలి కాబట్టి మేనేజరు కాశీంనే ఎగరమన్నాడు. ఎక్కే ముందు వాడి చెవిలో "తొంభై అక్కర్లేదు, ఎనభైలో పోనీ, సర్దుకుందాం" అనడం నేను విన్నాను. కాశీం అందరికీ వినబడేలా జవాబిచ్చాడు.

"పోను సార్. తొంభైలోనే పోతా. ఇష్టంలేకుంటే ఇంకోణ్ణి పిలిపించుకో."

ఆ ఒక్క ముక్క వినడానికి నేను ఇంకో రెండు ఉద్యోగాలైనా వదులుకునేవాణ్ణి. వాడు తొంభైలో చల్లాడు, గట్టు దాటి విశాలంగా తిరిగాడు. కాయితాల నిండా సన్నటి చుక్కలు, తుంపర పడినట్టు. బసన్న ఒక కాయితం మడిచి జేబులో పెట్టుకుని చేలోకి వెళ్ళిపోయాడు.

విచారణ హైదరాబాదులో జరిగింది. కాశీంను నెల రోజులు నేల మీద ఉంచి, పెద్ద పైలట్‌తో పరీక్ష పెట్టి, తిరిగి ఎగరమన్నారు. నన్ను మాత్రం కంపెనీవాళ్ళు క్షమాపణ రాసిమ్మన్నారు. చూసింది రాశాను, మళ్ళీ చూస్తే మళ్ళీ రాస్తాను, అని రాసిచ్చాను. సీజను చివర నా పేరు కొట్టేశారు. ఎమ్మిగనూరులో మోటార్ల రిపేరు షాపు పెట్టుకున్నాను. అయ్యో పాపం అని ఎవరైనా జాలి చూపిస్తే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

ఈ కేసు నేర్పింది ఒక్కటే. రెక్క ఎవరి కోపానికీ భయపడదు, ఎవరి మంచితనానికీ లొంగదు. దాన్ని నమ్ముకుని ఎగిరేవాడి కోసం "కాదు" అని చెప్పేవాడు ఒకడు కింద ఉండాలి, ఎగిరేవాడికి ఆ మాట చేదైనా సరే.

1986లో హుసేనప్ప చనిపోయాడు. ఆదోనికి వెళ్ళాను. జనాజాను మోసేవాళ్ళలో ముందు భుజం ఇచ్చింది కాశీం. కొడుకు తండ్రిని మోశాడు, తండ్రి కొడుకును మోయలేదు. నేను నా ఉద్యోగం ఇచ్చింది దానికి. మళ్ళీ అడిగితే మళ్ళీ ఇస్తాను.