అనసూయ మేడం అంటించిన చీటీలు

మూడో పుస్తకానికి బంక పూసి, చీటీ అతికించి, అరచేత్తో అదుముతుండగా ముక్కుకు తగిలిందా వాసన. ఉడికించిన మైదాలో చిటికెడు మైలుతుత్తం కలిపితే వచ్చే వాసన అది. పెబ్బేరులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెనమ్మకు సాయంగా పనిచేస్తున్నాను. వంటగది పక్కన ఓ పాత బీరువాలో ముప్పై దాకా పుస్తకాలు పోగుచేసి పెట్టుకున్నాం. "అక్కా, గిదేం వాసన, కడుపుల దేవుతుంది" అని పిల్లలు చున్నీలతో ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు. మైలుతుత్తం వేయకపోతే బొద్దింకలు బంక కోసం అట్టలన్నీ కొరికేస్తాయని చెప్పాను. నీకెవరు చెప్పారక్కా అని ఒక పిల్ల అడిగింది. అడగడమే ఆలస్యం, నా నోరు ఆగుతుందా? గంటసేపు మా అనసూయ మేడం గురించే చెప్పాను. ఆమెను చూడనివాళ్లకు ఆమె ఎలా ఉంటుందో చెప్పాలంటే ఆ గంట కూడా చాల్లేదు.

నాది అచ్చంపేట. ఇంటర్ రెండో ఏడు తప్పాక బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణంలో కూర్చున్నాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పేపర్లో ఉద్యోగాల పేజీ చూద్దామని లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడ అనసూయ మేడం అటెండరు. లైబ్రేరియన్ ఉద్యోగం చాలాకాలంగా ఖాళీగా ఉండడంతో తాళం తీసేదీ ఆమే, పుస్తకాలిచ్చేదీ ఆమే. వనపర్తి నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయింది. భారీ మనిషి. మోకాళ్ల నొప్పులు, షుగరు. గోడ మీద బల్లి కనబడితే భయంతో ఆ మోకాళ్లతోనే కుర్చీ ఎక్కేది. అలాంటి మనిషి బీరువా తలుపు మీద స్కెచ్ పెన్నుతో 'ఆడపిల్లలు తప్పక చదవాల్సినవి' అని రాసిన కాగితం అతికించి, లోపల పెట్టిన పుస్తకాలు ఏమిటంటారు? ఒకటి, మీద పడ్డవాడి నుంచి ఎలా తప్పించుకోవాలో చెప్పేది. ఒకటి, తుపాకీ గురి ఎలా కుదురుతుందో చెప్పేది. ఇంకొకటి, అడవిలో దారి తప్పితే ఎలా బతకాలో చెప్పేది.

"మేడం, వంటల పుస్తకాలు లేవా?" అన్నాను మొదటిరోజు.

"వంట మీయమ్మ నేర్పదా? పోలీసు కొలువని, ఫారెస్టు కొలువని పొద్దంత బిట్లు బట్టీ కొడ్తున్నరు గదా మీరందరు. కొలువొచ్చి తుపాకి చేతికిస్తే ఏ దిక్కు పట్టాలెనో తెల్వద్దా?"

"నేను ఇంటర్ ఫెయిలు మేడం. నాకెవరిస్తరు తుపాకి?"

"తుపాకి లేకుంటే మాయె, చెయ్యున్నది గదా. ముందుగాల గిది పట్కపో" అని మొదటి పుస్తకం నా ఒళ్లో పడేసింది.

ఆమె పద్ధతి ఒకటుంది. పుస్తకం చివర తేదీలు వేసే కాగితం ఉంటుంది కదా, దాని పక్కనే ఇంకో పొడుగాటి తెల్ల చీటీ అంటించేది. చదివినవాళ్లు పుస్తకంలో చెప్పిన ఒక్క పనైనా చేసి చూసి, నిజమో కాదో దాని మీద రాసి, కింద పేరు పెట్టాలి. రాస్తేనే తర్వాతి పుస్తకం. 'చదివాను, బాగుంది' అని రాస్తే ఒప్పుకునేది కాదు. "బాగుందా బాలేదా అని అడిగిన్నా నేను? పనికొచ్చిందా లేదా జెప్పు" అనేది. అసలు పుస్తకం కంటే ఆ చీటీలే ముందు చదివేవాళ్లం అందరం.

మొదటి పుస్తకం నేను సరిగ్గా చదివానో లేదో చూడడానికి మేడమే నా మణికట్టు పట్టుకుంది. రోకలి పట్టినట్టే ఉంది ఆ పట్టు. "గుంజకు. బొటనేలు ఉన్న దిక్కు తిప్పు" అంది. తిప్పాను. నా చెయ్యి ఊడొచ్చింది, మేడం పోయి పేపర్ల స్టాండు మీద పడింది. పేపర్లు చదువుకునే పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. ఆమె మాత్రం కిందనుంచే "శాబాష్" అంది. వారం తిరక్కుండానే షేర్ ఆటోలో పక్కనున్నవాడు నా వీపు వెనక చెయ్యి చాపాడు. ముందు గట్టిగా అరవాలని పుస్తకంలో ఉన్నది గుర్తొచ్చి, "ఓ అన్నా, చెయ్యి తియ్!" అని అరిచాను. ఆటో ఆగింది. అందరి తలలూ తిరిగాయి. ఎవరూ ఏమీ అనకముందే వాడు దిగి పొలం గట్టు పట్టాడు. 'మెలిపెట్టే పని పడలేదు. ఒర్రితే సరిపోయింది – శైలజ' అని చీటీ మీద రాశాను. మేడం దాన్ని లైబ్రరీలో ఉన్నవాళ్లందరికీ చదివి వినిపించింది.

రెండోది గురి పుస్తకం. తుపాకీ ఎక్కడ దొరుకుతుంది? జాతరలో బుడగలు పేల్చే తుపాకీ దొరికింది. ఆ తుపాకుల గొట్టాలు వంకరగా ఉంటాయని ఊరంతా అనుకునేదే. మొదటి గుండు ఎటు పోయిందో చూసుకుని, అంత మేర రెండో వైపు జరిపి కొట్టమంది పుస్తకం. ఊపిరి సగం వదిలి ఆపమంది. మొదటి రెండూ గాలికి పోయాయి. తర్వాత వరసగా ఎనిమిది బుడగలు పగిలాయి. "చాలు చెల్లె, ఇగ పో. నా దుకాణం ఆగం జేస్తున్నవ్" అని దుకాణమాయన తుపాకీ లాక్కున్నాడు. ఆ చీటీ రాశాక లైబ్రరీలో నాకు పేరొచ్చింది. కానిస్టేబుల్ పరీక్షకు చదివే డిగ్రీ పిల్లలు కూడా నన్ను 'అక్కా' అని పిలవడం మొదలుపెట్టారు. ఇంటర్ తప్పినదాన్ని! ఎంత బాగుండేదో చెప్పలేను.

ఆ బాగుండడమే నన్ను చెడగొట్టింది. మూడో పుస్తకంలో ఒక మాట ఉంది. అడవిలో తప్పిపోతే నీటి దారి వెతుక్కుని, దాని వెంట కిందికి నడిస్తే ఊరు దొరుకుతుందని. ఎలా చేసి చూడాలి? అమ్మ నన్ను అడివి దిక్కు పోనివ్వదు. దుకాణానికి సెలవు లేదు. పదిహేను రోజులు చూశాను. మేడం రోజూ "ఏమాయెనే?" అని అడుగుతోంది. చివరికి ఒకరోజు చీటీ మీద 'వాగు వెంట నడిచిన. నిజమే, ఊరొచ్చింది – శైలజ' అని రాసేశాను. మేడం అద్దాలు తీసి నన్ను చూసింది. "నీకెంత ధైర్యమే! నేనొచ్చి గిన్నేండ్లాయె, ఒక్కనాడన్న చెట్ల లోపటికి పోలే" అని మిర్చి బజ్జీలు తెప్పించింది. తిన్నాను. కారంగా ఉన్నాయని నీళ్లు కూడా అడిగాను.

చైత్ర పున్నమికి నల్లమల లోపల లింగమయ్య జాతర జరుగుతుంది. బస్సులు కొంతదూరమే పోతాయి, ఆ తర్వాత రాళ్ల దారిలో నడకే. దానికి ముందురోజు మధ్యాహ్నం స్రవంతి అనే డిగ్రీ పిల్ల మా దుకాణానికొచ్చింది. చేతిలో ఆ మూడో పుస్తకం. "అక్కా, గీ పేజీ ఒకటి, ఎనక చీటీ ఒకటి, ఆరు సెట్లు తియ్" అంది. పుస్తకం అద్దం మీద బోర్లించాను. మిషను లోపల వెలుగు అటూ ఇటూ తిరిగింది. నా చేతిరాత, నా పేరుతో సహా, ఒకదాని మీద ఒకటి బయటికొచ్చి పడుతోంది.

"ఏందక్కా గట్ల చూస్తున్నవ్? రాసింది నువ్వే గదా. మేడం చెప్పింది" అంది స్రవంతి. "రేపు పొద్దుగాల మొదటి బస్సుకు ఆరుగురం పోతున్నం. అందరు పోయే తొవ్వల కాదు, పక్క తొవ్వల పోయి చూస్తం. తప్పిపోయినా మాకేం పరేషాన్ లేదు. నీ చీటీ ఉన్నది గదా!" బయట స్నేహితురాలు బండి హారన్ కొడుతోంది. నేను నోరు తెరిచేలోపే కాగితాలు తీసుకుని పరుగెత్తింది.

బల్ల మీద లింగమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంది. అడివిలోని చెంచుల గూడెం, అదే పెంట, అక్కడి నుంచి ఆధార్ జిరాక్సుకని వచ్చింది. "ఏం రాసుందమ్మా అండ్ల?" అంది. చెప్పాను. ఆమె నవ్వలేదు.

"గది రాసినోళ్లు మా అడివి చూడలే బిడ్డా. గీడి వాగు ఊరికి పోదు, లోయలకు దుంకుతది. ఎండకాలం నీళ్లు గూడ ఉండయి, నున్నటి బండలే. బండలెంట దిగుకుంట దిగుకుంట పోతవా, ఒకకాడ ఎనక్కి ఎక్కరాదు, ముందట దిగరాదు."

"మరి తప్పిపోతే ఏం చెయ్యాలె పెద్దమ్మా?"

"ఏం చేస్తవ్. ఉన్నకాడ నీడకు కూసో. జరసేపటికొకపాలి కూతెయ్యి. మావోళ్లు తిరుగుతనే ఉంటరు. నడిచేటోళ్లను పట్టుకునుడు కష్టం, కూసున్నోళ్లను పట్టుకునుడు అల్క."

దుకాణం సగం షట్టరు వేసి లైబ్రరీకి ఉరికాను. మేడం కిటికీలు మూస్తోంది. "మేడం, మూడో చీటీ అబద్ధం. నేను అడివికి పోనేలే" అని ఏడ్చాను. కొడుతుందనుకున్నాను. ఆమె కుర్చీలో కూలబడి, ముందు రిజిస్టరు తీసింది. నా తర్వాత ఆ పుస్తకం తీసుకున్నది ముగ్గురు. ఇద్దరికి ఫోన్ చేసి చెప్పింది. స్రవంతి ఫోను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

"ఆ పిల్ల భయపడ్తుంటే నేనే చెప్పిన, మా శైలు నడిచి చూసిందని" అంది మేడం ఫోను కింద పెట్టి. "అబద్ధం నీదే. గొంతు నాదాయె."

ఆ మాట దెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. పుస్తకం స్రవంతి దగ్గరే ఉంది కాబట్టి మేడం ఇంకో తెల్ల చీటీ కోసి నా ముందు పెట్టింది. "రాయి. రేపు గిది దాని కిందనే అంటిస్తం." పాతది చింపేద్దాం మేడం అన్నాను. "చింపుతే నువ్వు అసలు రాయనట్టే అయితది. ఉండనీ. దాని కింద గిది ఉండాలె." సరే, రాశాను. వాగు వెంట నడవలేదని, అబద్ధం రాశానని, లింగమ్మ చెప్పినట్టు కూర్చుని కూతెయ్యడమే సరైనదని. మేడం చదివి వేలుతో ఒక చోట పొడిచింది.

"మల్ల గదే పని చేస్తున్నవ్. లింగమ్మ చెప్పింది నువ్వు చేసి చూసినవా? లేదు గదా. 'సరైనది' అని నీకెట్ల ఎర్క? 'విన్న' అని రాయి. ఎవరు చెప్పిండ్రో ఆమె పేరు రాయి."

ఎంత కోపంలోనూ ఆమె ఆ ఒక్క మాట వదల్లేదు. మేడం ఇప్పుడు రిటైరై గద్వాలలో కూతురింట్లో ఉంటోంది. ఫోన్ చేస్తే ఇప్పటికీ బల్లి కథలే చెబుతుంది. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది మెలిపెట్టడమూ కాదు, గురీ కాదు. చూసింది వేరు, విన్నది వేరు, చేసింది వేరు అని. ఇంట్లో, బజారులో, ఫోన్లో వచ్చే వార్తల్లో, నోరు తెరిచే ముందు ఇది వీటిలో ఏది అని లోపల ఒకసారి అడుగుతాను. నాలాంటి వాగుడుకాయకు అది ఎంత కష్టమో మీకు తెలియదు. హాస్టల్ చీటీల మీద మూడు గళ్లు గీసింది అందుకే. పిల్లలు గొణుగుతారు, కానీ రాస్తారు.

స్రవంతి ఫోను ఎత్తని ఆ రాత్రి నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా. మరునాడు పొద్దున కొత్త చీటీ ఆరు కాపీలు తీసుకుని బస్టాండుకు పోయేసరికి మొదటి బస్సు అప్పటికే నిండిపోయి ఉంది. మేడం నాకంటే ముందే వచ్చి, మోకాళ్లు పట్టుకుని, కండక్టరుతో మాటలు పెట్టి ఆపుతోంది. "నేను చెప్ప. నువ్వే చెప్పు" అంది నన్ను చూసి. లోపల స్రవంతి ఒక మూల, మిగతావాళ్లు తలా ఒక మూల. మధ్యలో కొబ్బరికాయల సంచులు, పిల్లలు, జనం. ఎవరి దగ్గరికీ పోయే దారి లేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి గొంతెత్తాను.

"అందరు జర ఇనుండ్రి! నేను జిరాక్సు దుకాణం శైలజను. వాగెంట నడిచిన అని అబద్ధం రాసిన. ఎవ్వరు వాగెంట పోవద్దు!"

"ఏందమ్మా, ఏమన్న మందు అమ్ముతున్నవా?" అని వెనకనుంచి ఒకాయన అన్నాడు. బస్సంతా నవ్వింది. స్రవంతి నవ్వలేదు. నా కాగితం ఒకరి చేతినుంచి ఒకరి చేతికి పోయింది. పాత కాగితాలు అలాగే తిరిగొచ్చాయి. ఐదు. ఆరోది తమ్ముడికిచ్చి పంపానని, వాడు తెల్లవారుజామునే స్నేహితుల బండ్ల మీద పోయాడని ఒక పిల్ల లేచి చెప్పింది. చెబుతుండగానే ఆమె ముఖం తెల్లబోయింది.

"దిగుతవా, వస్తవా?" అన్నాడు కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని.

ఆ ఆరో కాగితం పట్టుకుపోయిన పిల్లగాడిని వెతకాలి కదా, దుకాణం తాళాలు కిందనున్న మేడం చేతికిచ్చాను. ఆధార్ కార్డు తీసి కండక్టరుకు చూపించి, ఆడవాళ్లకు ఉత్తగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను.