గూట్లో గ్లాసు

“ఆ గ్లాసు నాకియ్యి బాపమ్మా, రేపు కాలేజీకి పట్టుకపోత.”

“మీ హన్మకొండ కాలేజీల గ్లాసులు లేవానే?”

“ఉన్నయి. అసొంటిది లేదు. పిల్లలకు చూపిచ్చి, ఇది మా ఇంట్లనే ఉన్నదని చెప్త.”

“చెప్పుపో. మా బాపమ్మ రాక్షసని మైకు పెట్టి మరీ చెప్పు.”

“రాక్షసివని ఎవరన్నరు? అందరికి చెప్పుకుంట తిరిగి, మన నల్లా కాడ దాన్ని చూసుకుంట ఊకుంటె నేనేం మనిషిని?”

“ఇరవై రెండేండ్ల సంది గిన్నెలు తోమే ఆమెకు ఛాయ్ పోస్తాన. ఒక్కనాడు పాలు తక్కువ చెయ్యలే.”

“ఛాయ్ సంగతి నేనడుగుతలేను. గ్లాసు సంగతి అడుగుతాన. ఇంట్ల చెంచాల మీద గూడ పేరు కొట్టిచ్చినవు. దాని మీదెందుకు లేదు?”

నిన్న సాయంత్రం నా కొడుకు బిడ్డకూ నాకూ జరిగిన పంచాయితీ ఇది. దాని ఉద్యోగమే అది. బడులకూ కాలేజీలకూ పోయి, కులం చూసి, రంగు చూసి, మతం చూసి మనిషిని దూరం పెట్టొద్దని చెబుతుంది. మొన్న ఒక హాస్టల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లను తోటివాళ్లు ఒంటి రంగు పేరుతోనే పిలుస్తున్నారని తెలిసి రెండు పూటలు అన్నం ముట్టలేదు. “ఎవరో పిల్ల కోసం నీ కడుపు మాడ్చుకునుడు ఏందే?” అని నేనే కసురుకున్నాను. ఊరివాళ్ల సంగతి కదా అనుకున్నాను. తిరిగి తిరిగి మా పెరట్లోకే వస్తుందని అనుకోలేదు.

మా పెరట్లో నల్లా పక్కన గోడకు చిన్న గూడు ఉంది. అందులో బోర్లించి ఉండే స్టీలు గ్లాసు, మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెది. నేను కొన్నదే, ఆమెకోసం వేరుగా పెట్టింది. ఆమె కులంవాళ్లను మా పుట్టింట్లో గడప దాటనిచ్చేవారు కాదు. ఆ పద్ధతి నాతోపాటే వరంగల్ వచ్చింది. తక్కిన సామాను అంతటి మీద మా ఆయన పేరులోని పొడి అక్షరాలు చుక్కలు చుక్కలుగా కొట్టించాను, పెళ్లికో పేరంటానికో ఇచ్చిన గిన్నె తప్పిపోకుండా. ఆ గ్లాసు ఎక్కడికీ పోదు, మా గ్లాసుల్లో కలవదు. దానికి పేరెందుకు?

నేను దేన్నీ ఊరికే పోనిచ్చే మనిషిని కాదు. అరిగిపోయిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అంటిస్తాను. పాల ప్యాకెట్లు కడిగి తీగె మీద ఆరేస్తాను. నల్లా చుక్క చుక్కగా కారుతుంటే ముద్ద నోట్లో ఉన్నా లేచిపోయి కట్టేస్తాను. అట్లాంటి నేను, ఆమె శుభ్రంగా తోమి బుట్టలో పెట్టిన గిన్నెల మీద రోజూ బకెట్ నీళ్లు గుమ్మరిస్తే గాని లోపలికి తెచ్చేదాన్ని కాదు. ఇన్నేళ్లలో ఆ నీళ్లు దండుగని నాకు తోచనే లేదు.

పనికొచ్చే వస్తువును నా చేత్తో నేను పారేసింది ఒక్కసారే. నిన్న పంచాయితీ అయ్యాక మంచం మీద కూర్చుంటే అది గుర్తుకొచ్చింది.

నేను చదివింది మూడో తరగతి దాకా. పరకాల దగ్గర మా ఊళ్లో బడి అంటే ఒక పెంకుటింటి వసారా. ఊరి చివరి వాడ నుంచి ఒకే ఆడపిల్ల వచ్చేది. మేమంతా వసారాలో, ఆ పిల్ల కింద మెట్టు మీద. దాహమైతే దోసిలి పట్టాలి, ఎవరైనా పైనుంచి పోయాలి. పోసేవాళ్లు కావాలని ముంజేతుల మీద పోసి నవ్వేవారు. నేనూ నవ్వాను. లెక్కల్లో మాత్రం ఆ పిల్లను మించినవాళ్లు మాలో లేరు. సారు అడిగిన లెక్కకు మేం వేళ్లు మడుస్తుండగానే మెట్టు మీద నుంచి జవాబు వచ్చేది.

ఒకనాడు నా బలపం పోయింది. పలక మీద లెక్క లేకపోతే సారు బెత్తం తీసేవారు. నా ఏడుపు మొహం చూసి ఆ పిల్ల తన బలపాన్ని విరిచింది. పెద్ద ముక్క నాకిచ్చింది. చేతికివ్వలేదు, నేల మీద నా వైపు జార్చింది. చేతికివ్వకూడదని ఎనిమిదేళ్ల పిల్లకు ఎవరు నేర్పారో! నేనూ నేల మీది నుంచే తీసుకున్నాను. ఆ రోజు దెబ్బలు తప్పాయి. ఇంటికెళ్లి సంబరంగా చెబితే, మా అమ్మ వాకిట్లోనే నా నెత్తిన చెంబెడు నీళ్లు పోసి, బలపాన్ని పెంటకుప్ప మీద పారేయమంది. వేలెడు పొడుగుంది. పారేశాను.

మర్నాడు ఆ పిల్ల “నా బలపమేది?” అంది. “పారేసిన” అన్నాను. ఎందుకని అడగలేదు. గోరంత ముక్కతో తన లెక్క తాను చేసుకుంది. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఆ ఏడే నన్ను బడి మాన్పించారు. ఆ పిల్ల ఏమైందో తెలియదు. తెలుసుకుందామని అనుకోనూ లేదు.

రాత్రి అన్నాలప్పుడు ఇదంతా మనుమరాలికి చెప్పాను.

“గ్లాసు తీస్కపో,” అన్నాను. “బలపం సంగతి గూడ చెప్పు, దాచకు. గ్లాసు మాత్రం మళ్ల తేవాలె. మంచి స్టీలు.”

“తెచ్చి ఏం జేస్తవు?”

“పేరు కొట్టిస్త.”

ఈ పొద్దున అది గ్లాసును బ్యాగులో వేసుకుని హన్మకొండ ఆటో ఎక్కింది. ఆమె వచ్చి గిన్నెలు తోమి, ఎప్పటిలాగే గూట్లో చెయ్యి పెట్టింది.

“అమ్మా, నా గ్లాసేది?”

పేరున్న గ్లాసులు రెండింటిలో ఛాయ్ పోసుకొచ్చి, ఒకటి ఆమె చేతికిచ్చాను. ఇన్నేళ్లూ ఆమె తన గ్లాసు గట్టు మీద పెడితే పైనుంచి పోసేదాన్ని. ఆమె గ్లాసును చూసింది, నన్ను చూసింది.

“ఏందమ్మా, పాణం మంచిగనే ఉన్నదా?”

“మంచిగనే ఉన్న. తాగు.”

“ఇది ఇయ్యాల్టికేనా, రోజూనా?”

“రోజూ.”

“సూద్దాం తియ్యి,” అని పెరటి మెట్టు మీద కూర్చుని ఊదుకుంటూ తాగింది. నేను పై మెట్టు మీద కూర్చున్నాను. తాగాక రెండు గ్లాసులూ కడిగి, తక్కిన గిన్నెలతో బుట్టలో పెట్టి, ఆమె వెళ్లిపోయింది. బుట్ట ఎత్తుకుని లోపలికి తెచ్చాను. నీళ్లు పోయలేదు.