లేపని ఇంట్లో జెట్ లాగ్

ఆ శుక్రవారం పొద్దున కారులో ఉన్నది ఇద్దరం: నేను, మా అవ్వ. వెనక సీట్లో అవ్వ పక్కన ఒక దిండు, ఒక దుప్పటి, రిపోర్టుల ఫైలు, ఇడ్లీల డబ్బా, అర లీటరు నీళ్ల సీసా. కిడ్నీ పేషెంటు కాబట్టి ఆమె రోజుకు లీటరుకు మించి తాగకూడదు. డాష్‌బోర్డు మీద నా ఫోను, ముందు రోజు సాయంత్రం జేబులోంచి తీసి పడేసిన బోర్డింగ్ పాసులు మూడు. గిద్దలూరు దాటినట్టు నాకు గుర్తుంది. కంభం దాటినట్టు గుర్తు లేదు.

లారీ వెనక చక్రాలు అద్దం నిండా కనబడినప్పుడు బ్రేకు తొక్కాను. ఇడ్లీల డబ్బా కింద పడింది.

"ఏంది రమణా, ఆ లారీలో నీకు పిల్లనిచ్చే మామేమన్నా ఉండాడా, అంత దగ్గరికి పోయినావు?" అంది అవ్వ.

టీ బంకు దగ్గర కారు ఆపి మొహం కడుక్కున్నాను. "నిద్రపోయినానా అవ్వా?" అని అడిగాను.

"కండ్లు తెరిచే ఉండాయి. మనిషివే లేవు." ఇడ్లీల డబ్బా పైకి తీసి పెట్టుకుంటూ, "ఇంట్లో చెప్పబాకు. మీ అమ్మ తాళాలు తీసి బియ్యం డబ్బాలో దాస్తాది," అంది.

నేను చెప్పలేదు. మేము చేసిన మొదటి తప్పు అదే.

మాది గిద్దలూరు పక్కన పల్లె. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి మార్కాపురంలో పలక రాయి కోసే ఒక ఫ్యాక్టరీలో మెషీన్లు చూస్తాను. అవ్వ అంటే నాయన వాళ్లమ్మ. ఆమెకు మంగళవారం, శుక్రవారం మార్కాపురంలో డయాలసిస్. నేను పనికి పోతూ ఆమెను సెంటర్లో దింపుతాను, నాలుగు గంటల సెషన్ అయ్యాక తీసుకొస్తాను. ఇంట్లో కారు నడిపేది నేనొక్కడినే. నాయనకు ట్రాక్టరు తప్ప రాదు.

మేము పంపిన టైల్స్ మందం తేడాగా ఉన్నాయని కెనడాలోని వాంకూవర్ కస్టమరు కంప్లైంటు పెట్టినందుకు ఫ్యాక్టరీ వాళ్లు నన్ను అక్కడికి పంపారు. నేను లేని తొమ్మిది రోజులు అవ్వకు ఊళ్లో అద్దె కారు మాట్లాడి పెట్టాను. తిరుగు ప్రయాణం ఇంటి గడప దాకా ముప్ఫై నాలుగు గంటలు. ఆ ప్రయాణంలో నేను చేసినవి రాసుకున్నాను: కాఫీలు ఐదు, నీళ్లు రెండు గ్లాసులు, సినిమాలు నాలుగు, నిద్ర ముక్కలు ముక్కలుగా రెండు గంటలు. గురువారం సాయంత్రం ఇల్లు చేరగానే అద్దె కారాయనకు ఫోన్ చేసి, "రేపట్నుంచి రావద్దన్నా, నేనొచ్చినా," అని చెప్పాను. ఆ ఫోన్ గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

వాంకూవర్ గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. మన పగలు వాళ్లకు రాత్రి. నాకు రాత్రిళ్లు కునుకు పట్టేది కాదు, పగలు కూర్చున్న చోటే తల వాలిపోయేది. ఆకలి వేళ తప్పింది, కడుపు ఉబ్బరం. చిన్న లెక్కలు కూడా తప్పాను. రెండున్నర మిల్లీమీటర్ల బ్లేడును మూడున్నర అని ఆర్డరు ఫారంలో రాశానని ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశారు. పనికి సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి చెప్పాలి. బోర్లకు కరెంటు రాత్రిపూట మాత్రమే ఇచ్చే రోజుల్లో నాయన తెల్లవార్లూ చేనికి నీళ్లు కట్టి, పొద్దెక్కాక వచ్చి పడుకునేవాడు. అప్పటినుంచీ మా ఇంట్లో పగలు పడుకున్న మనిషిని ఎవరూ లేపరు. లేపడం పాపం అన్నట్టు చూస్తుంది అవ్వ. నా కోసం అమ్మ కిటికీకి రెండు మందపు దుప్పట్లు కట్టింది. పచ్చడికి మిక్సీని పక్కింటికి మోసుకుపోయింది. నాయన ట్రాక్టరును వీధి చివరే ఆపి నడిచి వచ్చేవాడు. నన్ను చూడటానికి వచ్చిన మేనత్తలు వాకిట్లోనే గుసగుసలాడి, చాక్లెట్లు తీసుకుని పోయారు. "పాపం, అంత దూరం గాల్లో వచ్చినాడు" అని ఒకరంటే, "అంత దూరం పోయి ఒక పిల్లనన్నా చూసుకోని రాలేదు" అని ఇంకొకరు.

శనివారం ఎనిమిది గంటలు, ఆదివారం తొమ్మిది, సోమవారం తొమ్మిదిన్నర. అన్నీ పగటి నిద్రలే. ఇంత ప్రేమగా నాకు ఎవరూ జబ్బు ముదరబెట్టలేదు.

మంగళవారం పొద్దున ఆరింటికి అలారం పెట్టుకున్నాను. నిద్ర పట్టింది అయిదింటికి. అలారం మోగింది, నాకు వినబడలేదు. అవ్వ వచ్చి ఆపింది. ఆమె అప్పటికే తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని తయారుగా ఉందట. నాయన నన్ను లేపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. శుక్రవారం కారులో జరిగింది ఆమెకొక్కదానికే తెలుసు. నాయన అద్దె కారాయనకు ఫోన్ చేస్తే, అతను పెళ్లి కిరాయికి కనిగిరి పోయినానన్నాడు.

"ఒక్కరోజు పోకుంటే ఏమైతాది? శుక్రవారం పోదాం. పిల్లోడు పండుకోనీ," అంది అవ్వ.

నాకు మెలకువ వచ్చింది మధ్యాహ్నం రెండు నలభైకి. దుప్పట్లు కట్టిన గదిలో టైము తెలియక, ఇంకా ఆరు కాలేదనుకుని అవ్వను పిలిచాను. "ఇంకాసేపు పండుకో నాయనా," అంది.

టైము చూసుకుని సెంటరుకు ఫోన్ చేశాను. ఖాళీ లేదు, రేపు పొద్దున రమ్మన్నారు. నాలుగున్నరకు అవ్వ ఆయాసంతో వెల్లకిలా పడుకోలేకపోయింది. వాచిన కాళ్ల మీద వేలు పెట్టి నొక్కితే గుంట అట్లే నిలబడింది. పొద్దుట్నుంచి, సెంటరుకు పోయేది లేదు, పథ్యమెందుకని, తనకు కూడని మజ్జిగ రెండు గ్లాసులు, ఒక అరటిపండు తీసుకుందని అప్పుడు బయటపడింది. మళ్లీ ఫోన్ చేస్తే, "ఆయాసం ఉంటే ఆగొద్దు, వెంటనే తీసుకురండి," అన్నారు. గిద్దలూరు నుంచి వేరే కారు పిలిపించాం. నాయన ముందు కూర్చున్నాడు, నేను వెనక సీట్లో అవ్వతో కూర్చున్నాను. దారి పొడుగునా అవ్వ వీపు నా ఛాతీకి ఆనుకుని ఉంది. ఆమె ఒక్కో ఊపిరికీ ఎంత కష్టపడుతోందో నా పక్కటెముకలకు తెలుస్తూనే ఉంది. అయినా మధ్యలో రెండుసార్లు నా కళ్లు మూతపడ్డాయి. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

ఈసీజీ తీశారు. రక్తం తీశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "పొటాషియం ఆరున్నర దాటింది. ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగేది. సెషన్ ఎందుకు మానేశారు?" అని అడిగింది.

నేను నోరు తెరవకముందే అవ్వ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపింది. "పిల్లోడు నిద్రపోతాండాడు మేడం."

డాక్టరమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది. మాస్కు సరిచేసి, "ఈ కేసులో పేషెంట్లు ఇద్దరు," అంది.

డయాలసిస్ మెషీను తిరగడం మొదలయ్యాక డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది. నిద్ర మాత్ర రాయమని అడిగాను. రాయనంది. "మీ బాడీ క్లాక్ ఇంకా అక్కడే ఉంది. రోజుకు గంట, గంటన్నర కంటే జరగదు. దాన్ని జరిపేది పొద్దుటి వెలుతురు. మీవాళ్లు అదే రాకుండా దుప్పట్లు కట్టారు. రోజూ ఒకే టైముకు లేవాలి. పగలు ఇరవై నిమిషాలకు మించి పడుకోకూడదు. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. మూడు రోజులు వరుసగా రాత్రి ఆరు గంటలు నిద్రపట్టి, పగలు తూగకుండా ఉండేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు. మీ ఫ్యాక్టరీలో కోత మెషీన్లు కూడా."

అప్పుడే నాయనకు లారీ సంగతి చెప్పాను. ఆయన నా జేబులోంచి కారు తాళాలు తీసుకుని చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు.

రెండు రోజులు ఉంచుకుని అవ్వను పంపించారు. ఆమె సెషన్లకు మళ్లీ అద్దె కారు మాట్లాడాం. ఇంటికి రాగానే అమ్మ దుప్పట్లు విప్పింది. లేపే పని నాదంటే నాదని అమ్మా నాయనా అంటుంటే, అవ్వ ఇద్దరినీ పక్కన పెట్టింది. "వాడు నా వల్ల చెడినాడు, నేనే చూసుకుంటా."

అయితే డెబ్బై నాలుగేళ్ల మనిషి అలవాటు ఒక్క రోజులో పోదు. నిద్రపోయేవాణ్ని పేరు పెట్టి పిలవడానికి ఆమెకు నోరు రాలేదు. మొదటి పొద్దున ఆరుంబావుకు నా కిటికీ బయట గొంతు వినబడింది.

"ఏమే, చూసినావటే ఈ ఇంజనీరును? చదువు జాస్తి, నిద్ర ఇంకా జాస్తి. ఇట్లాంటోనికి పిల్లనెవరిస్తారే? నువ్వు ఇస్తావా?"

లేచి చూస్తే, బర్రెతో మాట్లాడుతోంది.

"అవ్వా, లేపుతుండావా?"

"నేనేడ లేపినా? నా బర్రెతో నేను మాట్లాడుకుంటుండా."

ఆమె అట్లే సాగించింది. రోజుకొక విషయం: నా క్రాఫు, నా మార్కులు, నేను చిన్నప్పుడు బావి గట్టు మీద ఏడ్చింది. అన్నీ బర్రెకు చెప్పింది. లేచాక నా చెయ్యి పట్టుకుని చేని గట్టు దాకా నడిచేది. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న ఎడమ చేతికి నేను తగలకుండా కుడివైపు నడిచేవాణ్ని. ఎండ మొహాన పడేటట్టు నిలబెట్టి, "కండ్లు మూసుకోబాకు," అనేది. మొదటి రోజు అరవై అడుగులు వేసి కూర్చుంది. ఆమె లేవలేదు కాబట్టి నేనూ ఎండలో కూర్చున్నాను.

నిద్ర వేళలు నోటు పుస్తకంలో రాశాను. నేరుగా బాగుపడలేదు. మూడో రోజు రాత్రి అయిదున్నర గంటలు పట్టిందని సంబరపడి, నాలుగో రోజు బస్సులో పనికి పోయి, ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పెట్టెల వెనక కాసేపని ఒరిగి మూడు గంటలు నిద్రపోయాను. ఆ రాత్రి మళ్లీ జాగారం. ఫోర్‌మన్ అన్న, "కెనడా కరెంటు ఇంకా నీలోనే పారుతాంది," అని నవ్వాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కునుకు పడితే లేపే బాధ్యత ఆయనదే. ఆయనకు అవ్వ మొహమాటం లేదు, చెక్క పెట్టె మీద సుత్తితో కొట్టేవాడు.

కెనడా నుంచి వచ్చిన పదహారో రోజుకు డాక్టరమ్మ చెప్పిన మూడు రాత్రులు వరుసగా పూర్తయ్యాయి. పుస్తకం నాయనకు చూపించాను. ఆయన మూడు రోజుల అంకెలూ వేలు పెట్టి చదివి, లోపలి జేబులోంచి తాళాలు తీసి అవ్వ చేతికిచ్చాడు. అవ్వ నాకిచ్చింది. ఆ పొద్దు ఆమె ముందు సీట్లో కూర్చుంది. "వెనక కూర్చుంటే నీ మొహం కనపడలా," అంది.

తర్వాత ఇంకోసారి వాంకూవర్ పోయి వచ్చాను. ఈసారి విమానం ఎక్కగానే చేతి గడియారం మన టైముకు మార్చుకున్నాను. గంటకొక గ్లాసు నీళ్లు తాగాను, మన రాత్రి వేళకు కళ్లకు గంతలు కట్టుకుని పడుకున్నాను, మన పగటి వేళ నడవాలో అటూ ఇటూ తిరిగాను. అద్దె కారు నేను వచ్చాక కూడా పది రోజులు ఉంచుకున్నాను. ఎనిమిది రోజుల్లో సర్దుకున్నాను. బర్రె అమ్ముడుపోయింది కాబట్టి, ఆ ఎనిమిది రోజులూ అవ్వ కిటికీ బయట ట్రాక్టరుతో మాట్లాడింది.

మీ ఇంటికి ఎవరైనా సముద్రాలు దాటి వస్తే, నేను చెప్పేది ఒక్కటే: జాలిపడి పగలు పడుకోనివ్వకండి. కిటికీ తెరిచి, లేపి, ఎండలోకి నడిపించండి. లేపడానికి నోరు రాకపోతే, పక్కన ఇంకెవరితోనైనా గట్టిగా మాట్లాడండి.

అవ్వకు డయాలసిస్ మొదలైనప్పటినుంచి నిన్నటి శుక్రవారం దాకా పోవలసిన రోజులు నూట నలభై రెండు. టైముకు పోయినవి నూట నలభై ఒకటి.