ఒడ్డు నుంచి ఎన్ని అడుగులు

రాయచూరు దగ్గర థర్మల్ ప్లాంటులో బొగ్గు దింపే కూలీల్లో ఆయనొక్కడే సముద్రం మనిషి, కాకినాడ వైపు జాలరి. నేను కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాని. రోజూ పనికి వచ్చే ముందు కృష్ణ ఒడ్డు నుంచి తన రేకుల షెడ్డు దాకా అడుగులు కొలుచుకుంటూ నడిచేవాడాయన. ఎండాకాలంలో నది ఎండి బండలు తేలినా కొలత మానలేదు. మేమంతా నవ్వేవాళ్లం.

"ఏంది పెద్దాయనా, గిట్ల రోజూ కొలుస్తవ్? నది నీ ఇంట్లకు వస్తదా?" అన్నాను ఒకసారి.

"సముద్రమూ రాదనే అన్నారండి. మా ఊళ్లో పొద్దున్నే అందరం ఇలాగే కొలుచుకునేవాళ్లం. తుపాను వచ్చినప్పుడల్లా ఓ వరస ఇళ్లు పోయేవండి. మూడు వీధులు పోయాక మా ఇల్లూ పోయింది."

సముద్రాన్ని అలా పొంగిస్తున్నది బొగ్గు పొగేనని చాలా ఏళ్ల తర్వాత పేపర్లో చదివాను. ఆ బొగ్గే ఆయన నెత్తిన మోసేవాడు.

గేటు పాసు కాగితంలో శాశ్వత చిరునామా రాయాలంటే, పోయిన ఆ ఇంటి నంబరే చెప్పాడు.

"పుట్టిన ఇల్లండి. ఇంకేం చెప్పను?"

అదే రాశాను. విచారణకు పంపిన ఉత్తరం, అక్కడ అలాంటి ఇల్లే లేదని తిరిగొచ్చింది. దొంగ చిరునామా ఇచ్చాడని, పేరు కొట్టేయమన్నాడు కాంట్రాక్టరు. ఇల్లేమైందో తెలిసిన వాణ్ని నేనొక్కణ్నే. నోరు మెదపకుండా కొట్టేశాను.

ఆయన పాసు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మీరన్నట్టు నది రాలేదండి. సముద్రమే వచ్చింది."